లంగరు గొలుసుకు అతుకు: ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. నేను స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఉంటున్నాను. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మీద చిన్న తెరచాప పడవలు నడపడం నేర్చుకున్నాను గానీ, వాటికి లంగరుతో పని ఉండేది కాదు. ఈ మధ్య 34 అడుగుల పాత యాట్ కొన్నాను. దానికి 30 మీటర్ల 8 మి.మీ. గొలుసు ఉంది. వేసవిలో పశ్చిమ తీరంలోని ఓబన్, మల్ (Mull) దీవి వైపు వెళ్లాలనుకుంటున్నాను. అక్కడ ఈ గొలుసు చాలదని అందరూ అంటున్నారు. మరో 30 మీటర్లు కొని అతికించవచ్చా? దుకాణంలో రివెట్లతో బిగించే జోడింపు లింకు చూపించారు. అది నమ్మదగినదేనా, లేక షాకిల్ (అడ్డంగా పిన్ను బిగించే U ఆకారపు ఇనుప కడియం) వేసుకోవడం గానీ వెల్డింగ్ చేయించడం గానీ మేలా?

జవాబు: మీ స్నేహితులు చెప్పింది నిజమే. మల్ దీవిలోని టోబర్మోరీ వంటి రేవులో తీరానికి దగ్గరి జాగా చాలావరకు పడవలు కట్టుకునే తేలుడు బోయలకు (buoys) పోగా, లంగరు వేసేవారికి మిగిలేది లోతైన నీరే. పాటు సమయంలో 7 మీటర్ల లోతు చూసి లంగరు వేశారనుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆ తీరాన పోటు 3 మీటర్లు దాటుతుంది కనుక దానికి మూడున్నర మీటర్లు, నీటిమట్టం నుంచి పడవ ముందు మొన ఎత్తుకు 1.3 మీటర్లు కలిపితే దాదాపు 12 మీటర్లవుతుంది. గొలుసు కనీసం దానికి మూడింతలు, గాలి పెరిగేటట్లుంటే ఐదింతలు వదలాలి, అంటే 36 నుంచి 60 మీటర్లు. మీ దగ్గరున్న 30 మీటర్లు రెండున్నర ఇంతలే కనుక పొడిగించాలన్న నిర్ణయం సరైనదే.

డబ్బు అనుకూలిస్తే అతుకే లేని 60 మీటర్ల ఒకే గొలుసు కొనడం అన్నిటికంటే ఉత్తమం. అది కుదరనప్పుడే అతుకు గురించి ఆలోచించాలి. అతుకు వేసేముందు కొత్త గొలుసు, పాత గొలుసు ఒకే కొలతవని నిర్ధారించుకోవాలి. గొలుసును ఎత్తే విండ్‌లాస్‌లో లింకులు కూర్చునే గుంతల చక్రాన్ని జిప్సీ అంటారు. ఆ గుంతలు లింకు మందానికే కాక, లింకు లోపలి పొడవుకు కూడా సరిపోయేలా తయారవుతాయి. డిన్ 766, ఐఎస్ఓ 4565 అనే రెండు ప్రమాణాల్లోనూ 8 మి.మీ. గొలుసు లింకు లోపలి పొడవు 24 మి.మీ.లే కావడం మీ అదృష్టం. అదే 10 మి.మీ. గొలుసైతే మొదటి ప్రమాణంలో 28, రెండో ప్రమాణంలో 30 మి.మీ. ఉంటుంది, ఆ రెండింటినీ కలిపితే ఒకటి చక్రంలో కూర్చుంటుంది, మరొకటి ఎగిరి జారుతుంది. అమెరికా కొలతల్లో వచ్చే 5/16 అంగుళాల గొలుసు కూడా చూపుకు 8 మి.మీ. గొలుసులాగే ఉంటుంది గానీ, దాని లింకు పొడవు సుమారు 26 మి.మీ. కనుక అది మీకు పనికిరాదు. ఒక్క లింకును కొలిస్తే చిన్న తేడా తెలియదు. గొలుసును బిగువుగా చాచి, మొదటి లింకు లోపలి అంచు నుంచి పదకొండో లింకులో అదే అంచు వరకు కొలవండి. 240 మి.మీ. రావాలి.

ఇప్పుడు జోడింపు లింకు సంగతి. అది రెండు సగాలుగా వస్తుంది. వాటిని రెండు గొలుసుల చివరి లింకుల్లోకి దూర్చి, ఒకదానిపై ఒకటి పెట్టి, రివెట్ల తలలు సుత్తితో అణచాలి. ఉన్న మందాన్ని రెండు సగాలూ పంచుకుంటాయి కనుక ఏ చోటా పూర్తి మందం గల ఏకఖండ లోహం ఉండదు. అందుకే మామూలు మెత్తని ఉక్కుతో చేసిన జోడింపు లింకు బలం గొలుసు బలంలో సుమారు సగమే ఉంటుంది. గొలుసు ఉక్కు బలాన్ని గ్రేడుతో చెబుతారు. 30 గ్రేడు 8 మి.మీ. గొలుసు సుమారు 3.2 టన్నుల దగ్గర, 40 గ్రేడుది 4 టన్నుల దగ్గర తెగుతాయి. మధ్యలో అంతకు సగం బలమే ఉన్న లింకు పెడితే, మొత్తం గొలుసు బలం ఆ సగానికి పడిపోతుంది. మిశ్రమ ఉక్కును ఫోర్జ్ చేసి (కాల్చి, ఒత్తిడితో మలిచి), ఉష్ణచికిత్స చేసి తయారుచేసిన లింకులు కూడా దొరుకుతాయి. వాటి బలం గొలుసు బలానికి దీటుగా ఉంటుంది. కాబట్టి దుకాణదారుణ్ణి మొదట అడగవలసింది ధర కాదు, ఆ లింకు ఎంత బరువుకు తెగుతుందో తయారీదారు రాసి ఇచ్చిన పత్రం. ఆ పత్రం లేని లింకును లంగరుకు వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. మీరు నిద్రపోతున్నప్పుడు రాతి తీరానికీ పడవకూ మధ్య ఉండేది ఆ ఒక్క ఇనుప ముక్కే.

రివెటింగ్ పని సరిగా చేయకపోతే మంచి లింకు కూడా వృథా అవుతుంది. లింకును దాగలి మీద గానీ, బరువైన ఉక్కు దిమ్మ మీద గానీ ఉంచి, గుండ్రని తల ఉన్న సుత్తితో రివెట్ కొసను చుట్టూ కొద్దికొద్దిగా కొడుతూ, దాని చుట్టూ ఉన్న పల్లం పూర్తిగా నిండే వరకు అణచాలి. చెక్క మీద పెట్టి కొడితే దెబ్బ బలం చెక్కే మింగేస్తుంది. రివెట్‌ను ఎర్రగా కాల్చి కొట్టడం తప్పు, ఉష్ణచికిత్స వల్ల వచ్చిన బలం ఆ వేడికి పోతుంది. పని అయ్యాక రెండు సగాల మధ్య సందు కనబడకూడదు, చేత్తో కదిపితే కదలకూడదు. తర్వాత ఆ అతుకును జిప్సీ మీదుగా రెండు వైపులా అనేకసార్లు నడిపి చూడండి. ఇలాంటి లింకులు చాలావాటికి జింక్ పూత ఉండదు కనుక జింక్ పెయింట్ వేసి, ప్రతి సీజన్ మొదట్లో తుప్పు పట్టిందేమో చూడాలి. స్టెయిన్‌లెస్ జోడింపు లింకు మెరుస్తూ ఆకర్షిస్తుంది గానీ, ఉప్పునీటిలో దాన్ని ఆనుకున్న గొలుసు లింకుల జింక్ పూత త్వరగా కరిగిపోతుంది. నేనైతే దాన్ని కొనను.

షాకిల్ జిప్సీ చక్రంలో కూర్చోదు కనుక గొలుసు మధ్యలో దానికి చోటు లేదు. వెల్డింగ్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. గొలుసు కర్మాగారంలో లింకులను వెల్డ్ చేసి, బరువు పెట్టి పరీక్షించి, ఆ తర్వాతే కరిగిన జింక్‌లో ముంచుతారు. వీధి చివరి వెల్డర్ ఎంత నేర్పరి అయినా పరీక్ష చేసే సాధనం అతని దగ్గర ఉండదు. పైగా ఆ వేడికి చుట్టుపక్కల లింకుల జింక్ పూత కాలిపోతుంది, ఆ పొగ పీల్చడం ప్రమాదకరం కూడా.

అతుకు ఎక్కడ పడుతుందన్నది చాలామంది పట్టించుకోని విషయం. లంగరు దగ్గరి గొలుసు ప్రతిసారీ నేలమీద రాసుకుంటుంది, ప్రతిసారీ బరువు మోస్తుంది. పడవ వైపున్న భాగం చాలా రాత్రులు పడవలో గొలుసు దాచే గదిలోనే ఉండిపోతుంది. కాబట్టి 30కి 30 కాక 40 మీటర్ల కొత్త గొలుసు కొని దాన్ని లంగరు వైపు పెట్టి, పాతదానిలో మంచి 20 మీటర్లు పడవ వైపు అతికించండి. గొలుసును కొక్కెంతో పట్టి, డెక్ మీద తాళ్లు చుట్టే క్లీట్‌కు కట్టే నైలాన్ తాడును స్నబ్బర్ అంటారు కదా, ఆ కొక్కెం అతుకు కంటే లంగరు వైపుకు తగిలించినంత కాలం అతుకు మీద బరువు పడదు. 40 మీటర్లకు మించి వదిలిన రాత్రులే దానికి పరీక్ష.

ఇంతా చెప్పి, మీరు అడగని దారి ఒకటి చెబుతాను, మీ పడవకు అదే మంచిదని నా అభిప్రాయం. గొలుసుకు గొలుసు కాక 30 లేదా 40 మీటర్ల నైలాన్ తాడు కలపండి. 8 మి.మీ. గొలుసు మీటరుకు సుమారు 1.4 కిలోలు, అంటే మరో 30 మీటర్లు కొంటే ముందు మొనలో 42 కిలోలు పెరుగుతాయి, చిన్న పడవ అలల్లోకి ముక్కు దించుతుంది. 14 మి.మీ. నైలాన్ తాడు అదే పొడవుకు 4 కిలోల లోపే ఉంటుంది. గొలుసు బరువు కుంగి లాగుడును మెత్తబరుస్తుందన్నది నిజమే గానీ, అది మితమైన గాలికే. 12 మీటర్ల ఎత్తు నుంచి 8 మి.మీ. గొలుసు వేలాడుతూ, లంగరు దగ్గర నేలను తాకి ఉండాలంటే, పడవ 100 కిలోల బలంతో లాగినప్పుడు సుమారు 46 మీటర్లు చాలు. ఈదురుగాలిలో లాగుడు 300 కిలోలకు చేరితే 78 మీటర్లు కావాలి. అంటే 60 మీటర్ల గొలుసు కూడా అప్పటికి దాదాపు బిగిసిపోయి ఉంటుంది. ఆ సమయంలో కుదుపును మింగేది సాగే గుణమున్న నైలాన్ మాత్రమే.

తాడును మూడు పేటలదైనా, ఎనిమిది పేటల అల్లికదైనా నేరుగా గొలుసు చివరి లింకులోకి పేని అల్లించాలి. ముడి వేస్తే బలం బాగా తగ్గుతుంది, అది జిప్సీ మీదుగా పోదు. మీ జిప్సీ గొలుసుతో పాటు తాడును కూడా పట్టే రకమో కాదో ముందు చూసుకోండి. కాకపోతే తాడు భాగాన్ని చేత్తో లాగవలసి ఉంటుంది. తాడు పడవ ముందు మొన రోలర్ మీద రాసుకునే చోట రబ్బరు గొట్టం తొడగండి. అల్లిక తడిగా ఉండిపోతే లోపల దాగిన లింకు తుప్పు పడుతుంది. రెండు మూడేళ్లకోసారి ఆ చివర కోసి మళ్లీ అల్లించండి.

ప్రశ్న: మా గొలుసు లోపలి చివరను లంగరు గదిలోని ఉక్కు కొక్కేనికి షాకిల్‌తో బిగించి ఉంచాము. ఇది సరైన పద్ధతేనా? — మెల్‌బోర్న్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కాదండీ, దాన్ని మార్చండి. లంగరు రాళ్లలో ఇరుక్కుని, గాలి మీ మీదికి మళ్లిన రాత్రి మొత్తం గొలుసు వదిలేయవలసి రావచ్చు. బరువు కింద బిగిసిన షాకిల్ చేత్తో విప్పడం అసాధ్యం. గట్టి తాడును గొలుసు చివరి లింకుకు కట్టి, రెండో కొసను ఆ కొక్కేనికి కట్టండి. గొలుసంతా బయటికి పోయినప్పుడు ఆ తాడు డెక్ మీదికి వచ్చేంత పొడవు ఉండాలి. అప్పుడు ఒక్క కత్తి వేటుతో తెంపవచ్చు. కత్తి ఎక్కడుందో పడవలో అందరికీ తెలిసి ఉండాలి.

ప్రశ్న: లంగరు దగ్గరి పది మీటర్లు ఎర్రగా తుప్పు పట్టాయి. ఆ ముక్క కోసేసి కొత్తది అతికించవచ్చా? — అదే పాఠకురాలు

జవాబు: కొత్త ముక్క లంగరు వైపు అతికిస్తే అతుకు ఎప్పుడూ నీటిలోనే, బరువు కిందే ఉంటుంది. దానికంటే గొలుసును తిరగేసి, ఇన్నాళ్లూ గదిలో ఉన్న చివరను లంగరుకు కట్టండి. తుప్పు పట్టిన చివర లోపలికి వస్తుంది. అయితే ముందు, లింకులు ఒకదానితో ఒకటి రాసుకునే వంపుల దగ్గర మందం కొలవండి. 8 మి.మీ. గొలుసులో అది 7.2 మి.మీ. కంటే తగ్గితే ఆ భాగాన్ని కోసి పారేయండి. మళ్లీ జింక్ పూత వేయించాలనుకుంటే 30, 40 గ్రేడు గొలుసులకు వేయించవచ్చు. 70 గ్రేడు గొలుసు మాత్రం ఆ జింక్ స్నానం వేడికి బలం కోల్పోగలదు, కనుక తయారీదారును అడగకుండా దాన్ని ఇవ్వకండి.