బాగున్నాడని లిథియం ఆపేయొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 28 ఏళ్లు. బైపోలార్ డిజార్డర్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ మారిపోయే జబ్బు) అని లిథియం మాత్రలు రాశారు. ఎనిమిది నెలలుగా మామూలుగా ఉన్నాడు, ఉద్యోగానికీ వెళ్తున్నాడు. ఇది ఎప్పటిదో పాత మందనీ, కిడ్నీలు పాడవుతాయనీ విని ఆపేస్తానంటున్నాడు. ఆపొచ్చా?

జవాబు: సొంతంగా మాత్రం ఆపనివ్వకండి. ఆధునిక వైద్యంలో ఈ మందు తొలిసారి వాడినప్పుడే మీ ప్రశ్నకు జవాబు దొరికింది.

ఆస్ట్రేలియా సైకియాట్రిస్ట్ జాన్ కేడ్ రెండో ప్రపంచ యుద్ధంలో మూడేళ్లకు పైగా సింగపూర్‌లో యుద్ధఖైదీగా ఉన్నారు. తిరిగొచ్చాక మెల్‌బోర్న్ దగ్గరి మానసిక వైద్యశాలలో ఓ పాత వంటసామాన్ల గదినే ల్యాబ్‌గా చేసుకున్నారు. లిథియం ఇచ్చిన గినీ పందులు వెల్లకిలా పడుకోబెట్టినా పెనుగులాడకుండా అలాగే ఉండిపోయాయి. ఆ మందు ముందు తానే మింగి చూసుకున్నారు. 1948 మార్చిలో, ఐదేళ్లుగా మేనియాతో (అదుపు లేని ఉద్రేకంతో) ఉన్న 51 ఏళ్ల వ్యక్తికి ఇచ్చారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆయన ఇంటికెళ్లి పాత ఉద్యోగంలో చేరాడు. బాగానే ఉన్నాను కదా అని మాత్రలు మానేశాడు. ఇంటికెళ్లిన దాదాపు ఆర్నెల్లకు మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది.

మీ తమ్ముడి భయం కూడా ఉత్తిది కాదు. అదే పేషెంట్ 1950లో లిథియం ఒంట్లో విషంగా మారి చనిపోయాడు. రక్తంలో మందు ఎంతుందో క్రమం తప్పకుండా చూసే పద్ధతి అప్పటికి లేదు. 1954లో డెన్మార్క్ డాక్టర్ మోగెన్స్ షౌ ఉత్తుత్తి మాత్రలతో పోల్చి ఇది పనిచేస్తుందని చూపారు. జబ్బు తిరగబెట్టకుండా కాపాడుతుందని తేల్చడానికి ఆ తర్వాత ఏళ్ల తరబడి కష్టపడ్డారు. నా దృష్టిలో ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఇప్పుడు మోతాదు రక్తపరీక్షను బట్టే నిర్ణయిస్తాం. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. మామూలుగా లీటరుకు 0.6–0.8 మిల్లీమోల్స్ ఉండేలా చూస్తాం. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), థైరాయిడ్, కాల్షియం పరీక్షలు ఆర్నెల్లకోసారి తప్పనిసరి. కిడ్నీ మీద ప్రభావం ఉంటే వీటిలో ముందే తెలుస్తుంది.

డాక్టర్‌ని అడక్కుండా ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు. ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. వాంతులు, విరేచనాలు అయితే అదే రోజు డాక్టర్‌కి చెప్పండి. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

నిజంగానే ఆపాల్సి వస్తే, వారాల నుంచి నెలల పాటు మెల్లగా తగ్గిస్తాం. ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఈసారి అపాయింట్‌మెంట్‌కి మీరూ తోడు వెళ్లండి. చివరి లిథియం లెవెల్ రిపోర్టు వెంట తీసుకెళ్లి, కిడ్నీల సంగతి అతని ఎదుటే అడగండి.