బోరు కంటే ముందు గుంత: మేనల్లుడికి ఒక లేఖ

అనంతపురం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కొత్తగా కొన్న చేనులో ఈ వేసవిలోనే బోరు వేయించాలని అనుకుంటున్నావని అక్కయ్య చెప్పింది. తొందరపడవద్దు నాయనా. అప్పు చేసి వందల అడుగుల లోతుకు పోయే ముందు ఆ చేనులో నిలువెత్తు గుంత ఒకటి తవ్వించి, దాని గోడల్లో కనిపించే పొరలను ఓపికగా పరిశీలించు.

మన జిల్లాలో చాలా చోట్ల నేల అడుగున ఉన్నది గ్రానైటు, నైసు జాతి శిల. వాననీరు గాలిలోను, మట్టిలోను ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొంది ఆ రాతి సందుల్లోకి దిగుతుంది. యుగాల తరబడి అలా దిగిన నీటివల్ల రాతిలోని ఫెల్డ్‌స్పారు అనే ఖనిజం బంకమట్టిగా మారింది, మారని క్వార్ట్జు అనే గట్టి ఖనిజం ఇసుకగా మిగిలింది, ఇనుము తుప్పుపట్టి నేలకు ఎర్రదనం వచ్చింది. అందువల్ల నీ గుంతలో పైన ఎర్రమట్టి, దాని కింద గరుసు, ఆ కింద గడ్డపారకు పొడిగా రాలే మెత్తబడిన రాయి, చివరకు గట్టి బండ కనిపించవచ్చు. పాతకాలపు బావులకు ఎక్కువగా నీరిచ్చింది ఆ మెత్తబడిన రాతి పొరే. బండలో నీరుండేది పగుళ్లలో మాత్రమే, ఆ పగుళ్లు నిండేది పై పొరలోంచి దిగే నీటితోనే. కాబట్టి పైనుంచి నీరు ఇంకని చేనులో ఎంత లోతు బోరైనా ఎక్కువ కాలం నిలవదు.

పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం వల్ల, ఈశాన్య ఋతుపవనాలు ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడటం వల్ల మనకు ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. అయినా 20 మిల్లీమీటర్ల వాన ఒక ఎకరంపై కురిస్తే అది దాదాపు 80 వేల లీటర్లు. నాకు బాధ కలిగించేది ఆ నీరు మన కళ్లముందే వంక పాలు కావడం. చినుకులు బోడి నేలను కొట్టినప్పుడు సన్నని మట్టి రేణువులు రంధ్రాలను మూసివేసి పెచ్చు కడుతుంది, ఆ తర్వాత పడిన వాన మట్టిని కూడా వెంటబెట్టుకొని వాలుకు జారిపోతుంది. అలా పోయిన అంగుళం మట్టి మళ్లీ తయారుకావడానికి వందల ఏళ్లు పడుతుంది.

అందుచేత వాలుకు అడ్డంగా దున్ను, వేరుశనగను కూడా అడ్డంగానే విత్తు, మధ్యమధ్య గొడ్డు చాళ్లు, అంటే విత్తనం వేయని ఖాళీ చాళ్లు, వదులు. వాన వెలిసి పదును ఉండగానే పైమట్టిని కదిపే గుంటక తోలి పెచ్చు పగలగొట్టు. ఊరి చెరువు పూడిక మట్టి దొరికితే, అది చవుడు కాదని పరీక్ష చేయించుకొని, వేసవిలోనే తోలించు. అందులోని బంకమట్టి మన ఇసుకపాలు నేలలో తేమను పట్టి ఉంచుతుంది. కర్నూలు వైపు నల్లరేగడికి మాత్రం ఈ మాట వర్తించదు, ఆ నేలలో బంకమట్టికి కొదవ లేదు.

చేనులో నీరు చేరే పల్లపు మూలన పంట కుంట తవ్వించు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద ఉన్న 1369 నాటి శాసనం, కట్టలోంచి నీరు ఊరిపోవడాన్ని చెరువు దోషాల్లో ఒకటిగా చెబుతుంది. నీటిని నిలవ ఉంచే చెరువుకు అది నిజమే గాని, నీ కుంట పని నీటిని ఇంకించడం కాబట్టి దాని అడుగు గరుసులోకి దిగినా విచారించకు.

గుంత తవ్వించాక ఏ పొర ఎంత మందాన ఉందో కొలిచి రాసి పంపు. అది చూశాక కుంట లోతు ఎంత ఉండాలో, బోరు అవసరమో కాదో నిర్ణయిద్దాం.

ఇట్లు,
నీ మేనమామ