బాడీ తర్వాత, ముందు లెన్సు

విజయవాడ

చిరంజీవి అమ్మలుకు, మామయ్య ఆశీస్సులు.

హంపి, బాదామి వెళ్లేలోపు ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా కొంటానని, ఉన్న డబ్బంతా దానికే పెడతానని రాశావు. ఆ పని మాత్రం చేయకు. బాడీ మీద, అంటే లెన్సు లేని కెమెరా మీద, డబ్బంతా పోసి చివరికి దానికో నాసి లెన్సు తగిలిస్తే ఏం లాభం? కొండలెక్కి తిరిగేదానివి, అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సార్ ఉన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) చాలు నీకు. అది సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. లెన్సు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

కెమెరాతో వచ్చే 18-55 (మిల్లీమీటర్లలో జూమ్ పరిధి) కిట్ లెన్సు ఎండలో బాగానే పనిచేస్తుంది. 55కి జూమ్ చేశావా, అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్/5.6కి పడిపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది). 18-50 ఎఫ్/2.8 లెన్సుకి ఆ చివర కూడా 2.8 ఉంటుంది, అంటే నాలుగింతల వెలుతురు. కిట్ లెన్సుతో ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ సున్నితత్వం) 6400 పెట్టాల్సిన చోట దీనికి 1600 సరిపోతుంది. బాదామి గుహల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. సిగ్మా కంపెనీ వాళ్ల 18-50 సోనీ కెమెరాలకి తగిలే రకం 290 గ్రాములే. ఆ ఒక్కటే పట్టుకెళ్లు. పెద్ద జూమ్ ఉప్పలపాడు గూడబాతులకైతే కావాలి గానీ హంపి రాళ్లకెందుకు?

వాడిన లెన్సు కొంటే రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి చూడు. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే పట్టించుకోకు, ఫోటోలో రావు. సన్నటి దారాలు అల్లుకున్నట్టు కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. మన కృష్ణ ఒడ్డున వానాకాలం తేమకి కొత్త లెన్సుకీ అది పడుతుంది. తోలు సంచిలో దాచకు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, ఓ చిన్న తేమ మీటరు వేసి, తేమ 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకో.

ఒక స్పేర్ బ్యాటరీ, రెండు 64 జీబీ కార్డులు చాలు.

వెళ్లేముందు ఉండవల్లి గుహల్లో సాధన చెయ్యి. పురావస్తు శాఖ వాళ్ల చోట్ల ట్రైపాడ్‌కి అనుమతి కావాలి, బాదామిలోనూ అంతే. కాబట్టి చేత్తో పట్టుకుని తీయడమే నేర్చుకోవాలి. మోచేతులు పక్కటెముకలకి ఆనించు. షట్టర్ వేగం 18 దగ్గర 1/30 సెకను, 50 దగ్గర 1/80 కంటే తగ్గించకు. వరసగా నాలుగు తీస్తే ఒకటైనా కదలకుండా వస్తుంది. ఉండవల్లిలో పడుకున్న విష్ణుమూర్తి మీద ఫ్లాష్ వేయకు, ఎదురుగా పడే వెలుతురుకి చెక్కడం చదునైపోతుంది. బయటి వెలుతురు విగ్రహం మీద పక్కనుంచి పడే చోటు వెతుక్కుని నిలబడు.

రంగు నేర్చుకోవడానికి ఫిబ్రవరి, మార్చిల్లో గుంటూరు చుట్టుపక్కల మిరప కళ్లాలని మించిన బడి లేదు. కళ్లం నిండా ఎరుపే. తెల్ల హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, ఎరుపు చానెల్ మాత్రం కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. ఎరుపు అలా హద్దు దాటాక కాయల మీద ముడతలూ మెరుపూ పోయి ఎర్ర ముద్ద మిగులుతుంది. అందుకే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎక్స్‌పోజర్ 2/3 నుంచి 1 స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు సగం) తగ్గించు. ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే అమరిక) అంత ఎరుపు చూసి తికమకపడి ఫోటోని నీలం వైపు చల్లబరుస్తుంది, డేలైట్‌లో పెట్టెయ్. తప్పకుండా రా ఫార్మాట్‌లోనే (సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచేది) తీయి. అక్కడ లెన్సు మార్చకు, ఆ ధూళి సెన్సార్ మీద కూర్చుంటుంది. అదే చేత్తో కళ్లు నులుముకోకు, ఇది కెమెరా సలహా కాదనుకో!

ఇక ఎడిటింగ్. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే డార్క్‌టేబుల్ ఉచితం. ముందు వైట్ బ్యాలెన్స్, తర్వాత ఎక్స్‌పోజర్, ఆపైన హైలైట్స్ (వెలుగు భాగాలు) తగ్గించి షాడోస్ (నీడ భాగాలు) కాస్త లేపు. మరీ లేపితే గుహ చీకటంతా బూడిదరంగు పొగలా మారి నాయిస్ (గరుకు చుక్కలు) బయటపడుతుంది. మిరపకాయలు ఇంకా ముద్దగా అనిపిస్తే మొత్తం శాచురేషన్ (రంగు గాఢత) జోలికి పోకుండా, ఎరుపు ఒక్కదాని శాచురేషనూ ల్యూమినెన్సూ (ఆ రంగు వెలుగు) కొద్దిగా దించు. హంపి బండల మీద డీహేజ్ (మసక తీసే స్లైడరు) అతిగా లాగితే ఆకాశం చుట్టూ తెల్లంచు వస్తుంది, అది కనిపించగానే ఆపెయ్. షార్పెనింగ్ అన్నిటికంటే చివర, 100 శాతం జూమ్‌లో చూస్తూ. నెట్‌లో పెట్టేదానికి పొడుగు వైపు 2048 పిక్సెళ్లు, కలర్ స్పేస్ (రంగుల కొలత పద్ధతి) ఎస్‌ఆర్‌జీబీ, జేపెగ్ క్వాలిటీ 85. ఎస్‌ఆర్‌జీబీ మర్చిపోతే కొన్ని ఫోన్లలో రంగులు వెలిసిపోతాయి.

కార్డు ఖాళీ చేసేముందు ఫోటోలు రెండు వేర్వేరు డిస్కుల్లోకి వెళ్లాయో లేదో తెరిచి చూసుకో. కళ్లంలో తీసినవాటిలో మూడు రా ఫైళ్లు నాకు డ్రైవ్‌లో పంపు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నలిపేస్తుంది, ఎరుపు నువ్వు పోగొట్టావో అది పోగొట్టిందో చెప్పలేను.

మీ మామయ్య