సంపు కట్టిస్తున్న మేనకోడలికి

చిరంజీవి పాపకు మామయ్య ఆశీర్వదించి రాసేది.

మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. తిరుపతి పక్కన పేరూరు దిక్కున స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నావంట, లోను నీ పేరు మీదే తీసుకున్నావంట, వాననీళ్ళకని 12,000 లీటర్ల సంపు కూడా కట్టిస్తావంట. మన ఇంట్లో ఆడపిల్ల పేరున ఇల్లు లేవడం ఇదే మొదలు. పక్కింటాయన్ను పిలిచి మరీ చెప్పినా. రాత్రి మాత్రం నిద్ర పట్టలా. సంపు అనే మాట వింటే నాకు పట్టదు, ఎందుకో కింద రాస్తా.

నువ్వు పంపిన కొటేషన్ చూసినా. 2 లక్షల 40 వేలు, అంటే లీటరుకు 20 రూపాయలు. కాంక్రీటు పనికి అదేం అన్యాయమైన రేటు కాదు, మేస్త్రీతో గొడవ పెట్టుకోబాకు. ఆ కాగితంలో లేనివి చూడు. తవ్విన మన్ను తోలే ట్రాక్టర్లు లేవు. లోపల వాటర్‌ప్రూఫింగ్ లేదు. మిద్దె మీద నుంచి దిగే పైపులు, ఫిల్టరు, గట్టి మూత, సంపు నిండినాక నీళ్ళు బయటికి పొయ్యే దారి, ఏదీ లేదు. ఇవన్నీ పని సగంలో ఉండగా ఎక్స్‌ట్రా అని ఒక్కొక్కటే బయటికొస్తాయి. అప్పటికి చేతిలో డబ్బులు అయిపోయుంటాయి. నువ్వు దేన్ని తగ్గిస్తావో కూడా నాకు తెలుసు: ఫిల్టరు, పొర్లు పైపు. ఇంటికొచ్చిన చుట్టాలు చూసేవి కావు కదా అవి. టైల్సు మాత్రం తగ్గించవు.

అసలు అంత సంపు కావాలా? నీ మిద్దె 1,200 చదరపు అడుగులు. ఒక సెంటీమీటరు వానకు దాని మీద 1,100 లీటర్లు పడతాయి, వదిలేసేవీ కారిపొయ్యేవీ పోను వెయ్యి అనుకో. మన దిక్కు ఏడాదికి సుమారు 90 సెంటీమీటర్ల వాన, కాబట్టి 90 వేల లీటర్లు. వినేదానికి బాగుండాది. అయితే ఆ వాన పన్నెండు నెలలకూ పంచుకోని రాదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజుల్లోనే నీ సంపు నిండి పొర్లుతాది. జనవరి నుంచి మే దాకా నమ్ముకునే వాన లేదు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పట్టణాల్లో నీళ్ళ పథకాలకు మేం మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క వేసేవాళ్ళం. ఇంట్లో నలుగురికి 540. నీ 12,000 లీటర్లు 22 రోజులకు అడుగంటుతాయి. సంపుతో ఎండాకాలం గట్టెక్కుతామని అల్లుడు అనుకుంటా ఉంటే ఈ లెక్క చూపించు. అదే తాగేదానికీ వంటకూ మాత్రం అనుకుంటే రోజుకు 40 లీటర్లు చాలు. 6,000 లీటర్లయితే 150 రోజులు, సరిగ్గా జనవరి నుంచి మే దాకా వస్తాయి. మిగతా వాడకానికి కొళాయీ బోరూ ఎట్లాగూ ఉండాయి. నేనైతే సంపు సగానికి తగ్గించి, మిగిలిన డబ్బు ఫిల్టరుకూ ఇంకుడు గుంతకూ పెడతా. సంపు సగమైతే ఖర్చు సగం కాదులే, కూలీ అంత తగ్గదు. తగ్గినంత వరకే లాభం.

తెలిసినవి ఒక మాటలో చెప్పేస్తా. వానాకాలానికి ముందు మిద్దె ఊడ్పించు. పైపు నోటికి జాలీ పెట్టు. మొదటి వాన నీళ్ళు బయటికి వదిలే వాల్వు పెట్టించి, దాన్ని తిప్పే పని ఇంట్లో ఒకరికి అప్పజెప్పు. తాగే నీళ్ళు కాంచుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. 2000లో నీరు-మీరు అని వాననీళ్ళు భూమిలోకి ఇంకించే సర్కారు పథకం వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి. ఊరంతా ఇంకుడు గుంతలే. మీ నాయన ఏ పని చేసినా పక్కవాడి కంటే ఒక అడుగు ముందుండాలనే మనిషి. బైరాగిపట్టెడ ఇంట్లో అప్పటికే అప్పు చేసి బోరు వేయించినాడు, కంప్రెసరు పెట్టించినాడు. గుంత తవ్వి, కంకర పోసి, ఇసక పోసి, నీళ్ళు ఎప్పుడు ఇంకుతాయా అని కాచుకునేదెందుకు, నేరుగా బోరులోకే వదిలితే పోలా అన్నాడు. ప్లంబరు తల ఊపినాడు, వాడికి పని తొందరగా అయిపోతాది కదా. మిద్దె మీద నుంచి నాలుగంగుళాల పైపు దించి, బోరు పైభాగంలో దించే కేసింగు పైపు మూతకు బొక్క కొట్టి, అందులోకి దూర్చేసినారు. గుంతకయ్యే నాలుగు వేలు మిగిలినాయి. నేనప్పుడు మదనపల్లె దిక్కు పనిలో ఉండా. బావ రాసిన ఉత్తరం ఇంకా నా దగ్గరుండాది. మన బోరుకు ఇంక ఎండటం అనేది లేదు అని రాసినాడు, కింద రెండు గీతలు కూడా గీసినాడు.

మొదటి ఏడు నిజంగానే నీళ్ళు బాగొచ్చినాయి. రెండో ఏడు కార్తీకంలో నేనొచ్చినప్పుడు మీ అమ్మ ఏమీ మాట్లాడకుండా బకెట్టు తెచ్చి నా ముందర పెట్టింది. నీళ్ళు మట్టి రంగు. కాసేపు తేరుకున్నాక అడుగున నల్లటి నాచు పోగులు, సున్నం పెచ్చులు, నలిగిన పావురం ఈక ముక్క. వాసన సంగతి చెప్పను. అప్పటికే నీకూ మీ తమ్ముడికీ విరేచనాలు పట్టుకోని వారమయింది. డాక్టరు మందులిచ్చినాడు గానీ నీళ్ళెక్కడివి అని అడగలా.

ఏం జరిగిందంటే, మన కాళ్ళ కింద ఉండేది బండ. కేసింగు దిగేది పైనుండే వదులు మన్ను వరకే. దాని కింద బోరంటే బండలో వట్టి బొక్క, నీళ్ళొచ్చేది ఆ బండలో ఉండే సన్నటి పగుళ్ళలో నుంచి. మిద్దె మీది దుమ్మూ రెట్టా సున్నమూ అన్నీ దిగి ఆ పగుళ్ళను పూడ్చినాయి. గుంతలో ఇసక చెయ్యాల్సిన పని బోరు మీద పడింది. ఫ్లషింగు చేయిస్తే రంగు పోయింది, నీళ్ళు మాత్రం ముందు మాదిరి రాలా. రెండేళ్ళకు బోరు మూసేసినారు. నాలుగు వేలు మిగిలిన చోట బోరుకు చేసిన అప్పు మాత్రం ఉండిపోయింది, బోరు పోయినాక కూడా ఆయన దానికి వడ్డీ కడతానే వచ్చినాడు.

మీ నాయన్ను ఎవరూ ఒక మాట అనలా. ఆయనే తెల్లారకముందే లేచి సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకోని వీధి కొళాయి కాడికి పొయ్యేవాడు. నువ్వు ముందర కడ్డీ మీద కూర్చోని బెల్లు కొడతా పొయ్యేదానివి. ఆయన ఉంటే ఈ పాటికి మేస్త్రీ కంటే ముందు నీ సైట్లో నిలబడి ఏదో కొత్తది చేద్దామంటా ఉండేవాడు. నీలో ఆ తొందర ఆయనదే, అందుకే ఇంత రాసినా.

బోరు పక్కన గుంత పెట్టుకోవాలంటే పద్ధతి ఉండాది. కేసింగు చుట్టూ పది అడుగుల లోతు తవ్వి, ఆ భాగం కేసింగుకు సన్నటి బొక్కలు కొట్టి, నైలాన్ వల గట్టిగా చుట్టి, కింద పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసక. పై ఇసక ఏటా తీసి కడగాల. కడిగే ఓపిక లేకపోతే బోరు జోలికి పోకుండా దానికి దూరంగా మామూలు ఇంకుడు గుంత తవ్వించు, సెప్టిక్ ట్యాంకు పక్కన మాత్రం వద్దు.

నిద్ర పట్టనిది దేనికంటే, 2021 నవంబరు వానలు నువ్వూ చూసినావు. కపిలతీర్థం జలపాతం మండపం మీదికి దూకింది, రాయలచెరువు కట్టకు ఊట పడితే కింది ఊర్లు ఖాళీ చేయించినారు. ఆ వానలు తగ్గినాక శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో సిమెంటు వరలతో కట్టిన ట్యాంకు కడుగుతా ఉంటే, అది భూమిలో నుంచి పైకి లేచి నిలబడింది. లోపలున్న ఆమె ఎట్లనో బయటపడింది. జనం దేవుడి మహిమ అని చూడ్డానికి పోయినారు. ఖాళీ బిందెను నీళ్ళ తొట్టిలో అదిమి వదిలితే ఏమయితాదో అదే అక్కడ జరిగింది. చుట్టూ నేల నీళ్ళతో నానిపోయి ఉండాది, లోపల నీళ్ళు తోడేసినారు, బరువు లేదు. నీది కాంక్రీటు కాబట్టి వరల ట్యాంకు కంటే బరువే, అయినా నమ్మబాకు. పేరూరు చెరువు దిక్కు వానాకాలంలో ఊట పైకొస్తాది. అడుగు స్లాబును గోడలకు బయట ఒక అడుగు పొడిగించి పోయించు, దాని మీద కూర్చున్న మన్ను సంపును పట్టుకుంటాది. ఖర్చు కొంచెమే, ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ చెయ్యలేవు. నవంబరు, డిసెంబరుల్లో సంపు సగానికి తగ్గనియ్యబాకు. కడిగే పని మే నెలలో పెట్టుకో.

కడిగేదానికి మనిషిని దింపే ముందు మూత తీసి ఒక పూటంతా వదిలెయ్. మూసిన సంపులో గాలి చెడిపోయుంటాది, దిగిన మనిషి దిగినట్టే పడిపోతాడు, వాణ్ణి ఎత్తేదానికి దిగినోడూ పడిపోతాడు. నా ఉద్యోగంలో అట్లాంటిది ఒకటి చూసినా, వివరం రాయను. పైన ఒక మనిషి, నడుముకు తాడు ఉండాల్సిందే. లోపలికి కరెంటు బల్బు వేలాడదియ్యబాకు, టార్చి చాలు. మూతకు తాళం పెట్టించు, చంటిది నడిచే వయసుకొస్తా ఉండాది.

పొర్లు పైపు యాడికి పోతాదో మేస్త్రీని అడిగినావా? అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి కలిపేస్తాం మేడం అంటాడు. ఒప్పుకోబాకు. అది మురుగు లెక్కకు వేసిన పైపు, వీధిలో అందరి మిద్దెల నీళ్ళూ అందులోకి వదిలితే గట్టి వానలో మురుగు వెనక్కి తన్ని పల్లంలో ఉండే ఇండ్ల బాత్రూముల్లో లేస్తాది. నీది పల్లమే. ముందు ఇంకుడు గుంతకు పోనీ, అది నిండితే వీధి వాన కాలవకు. పొర్లు పైపు లోపలికొచ్చే పైపు కంటే సన్నం కాకూడదు. వీధి కాలవలో పూడిక తియ్యకపోతే సెప్టెంబరులోనే వార్డు ఆఫీసులో అర్జీ ఇచ్చి రశీదు తీసుకో. ఇంకోటి, రోడ్డు వేసినప్పుడల్లా పాతది గీకకుండా దాని మీదే పోస్తారు. పదేళ్ళకు ఇల్లు గుంతలో పడతాది. సంపు మూత ఇప్పుడుండే రోడ్డు కంటే రెండడుగులు పైనుండేట్టు చూడు, లేకపోతే కాలవ నీళ్ళే నీ సంపులోకి వస్తాయి.

ఇంక ఏటా అయ్యే ఖర్చు ఎవరూ చెప్పరు, నేను చెప్తా. కట్టేదానికి అయిన దాంట్లో నూటికి ఐదు రూపాయలు ప్రతి ఏడూ పక్కన పెట్టు. సంపు కడగడం, ఇసక మార్చడం, పైపు జాయింట్లు, మోటారు రిపేరు, గుంత పూడిక అన్నీ అందులో సరిపోతాయి. ఒక ఏడు మిగిలితే ఉండనీ, చీరకు వాడుకోబాకు. నీరు-మీరులో తవ్విన గుంతలు ఎన్నో మూడో ఏటికి చెత్తకుండీలయినాయి. తవ్వేదానికి డబ్బులొచ్చినాయి, ఎత్తేదానికి ఎవరూ ఇవ్వలా.

అడుగు స్లాబు కమ్మి కట్టినాక కాంక్రీటు పోసే ముందు రోజు నాకు ఫోన్ చెయ్. నేను బస్సుకొస్తా, మోకాళ్ళ నొప్పి సంగతి మీ అమ్మతో అనబాకు. మేస్త్రీకి చెప్పి పెట్టు, నేను టేపు పెట్టి కొలిచేదాకా మిక్సరు తిప్పకూడదు.

మీ మామయ్య