బ్రిడ్జ్ కొత్తగా ఆడేవాళ్లు ముందు ఏ కన్వెన్షన్లు నేర్చుకోవాలి?

28, రమ్మీ లాంటి పేకాటలు ఆడిన అలవాటుతో బ్రిడ్జ్‌లోకి వచ్చా, పాయింట్లు లెక్కపెట్టడం వచ్చింది కానీ కన్వెన్షన్ల (పార్ట్‌నర్లు ఒక మాటకి ముందే ఒప్పుకుని పెట్టుకునే ప్రత్యేక అర్థాల) లిస్టు చూస్తే బుర్ర తిరుగుతోంది, ఏవి ముందు అని కదా అడిగారు. నన్నడిగితే ఇప్పటికి మూడు చాలు: స్టేమన్, టేకౌట్ డబుల్, కొంచెం ఆగి ట్రాన్స్‌ఫర్. బ్లాక్‌వుడ్ మీద అందరికీ మోజే గానీ దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి, ఎందుకో కింద చెప్తా.

నేను హైదరాబాదులో ఒక క్లబ్బులో నేర్చుకున్నా. నేర్పినాయన రిటైరైన బ్యాంకు ఆఫీసరు, ఏదైనా కొత్త కన్వెన్షన్ పెట్టుకుందాం సార్ అంటే "సరే, పెట్టుకుంటే ఏం పోతుందో చెప్పు" అనేవారు. అప్పట్లో చిరాకేసేది, ఇప్పుడు నేనూ అందరికీ అదే చెప్తున్నా. చూడండి, బ్రిడ్జ్‌లో ఉన్నవి మొత్తం 35 బిడ్లు (ఇన్ని పట్లు గెలుస్తాం, ఫలానా రంగు తురుపు అని వేలంలో చెప్పేవి), పాస్, డబుల్, రీడబుల్ కలిపితే 38 మాటలు, వాటితోనే 13 ముక్కల చేతిని పార్ట్‌నర్‌కి చెప్పాలి. ఏ బిడ్‌కైనా కొత్త అర్థం పెట్టుకున్నారంటే దాని మామూలు అర్థం పోయినట్టే. అందుకే పెద్దగా పనికిరాని బిడ్‌ని వదులుకుని పనికొచ్చేది తెచ్చుకునే కన్వెన్షనే మంచి కన్వెన్షన్.

స్టేమన్ సరిగ్గా అలాంటిదే. పార్ట్‌నర్ 1 నోట్రంప్ (తురుపు లేకుండా ఆడదామని) తెరిచాడు, అంటే పెద్ద ముక్కల లెక్కలో 15 నుంచి 17 పాయింట్లు, చేతిలో నాలుగు రంగులూ దాదాపు సమంగా ఉన్నాయి. ఇప్పుడు మీరు మామూలుగా 2 క్లబ్స్ అని ఆడి గెలిచేదేముంది, చిల్లర స్కోరు. దాన్ని వదిలేసి "నీ దగ్గర నాలుగు హార్ట్స్ గానీ నాలుగు స్పేడ్స్ గానీ ఉన్నాయా" అనే ప్రశ్నగా వాడతాం. లేకపోతే 2 డైమండ్స్ అంటాడు, ఉంటే ఆ రంగు చెప్తాడు. మీ దగ్గర 10 పాయింట్లు, నాలుగు హార్ట్స్ ఉండి అతను 2 హార్ట్స్ అంటే నేరుగా 4 హార్ట్స్‌కి వెళ్లిపోండి, లేదంటే 3 నోట్రంప్. నాలుగూ నాలుగూ కలిసిన రంగు తురుపైతే నోట్రంప్ కంటే తరచుగా ఒక పట్టు ఎక్కువే వస్తుంది, ఆ ఒక్క పట్టు కోసమే ఇదంతా. (పేరు స్టేమన్‌దే గానీ ఆలోచన ఆయన పార్ట్‌నర్ జార్జ్ రాపీది, స్టేమన్ 1945లో దాని మీద వ్యాసం రాశాడు, పేరు ఆయనకి అంటుకుపోయింది, పాపం రాపీ.)

టేకౌట్ డబుల్‌లో పోయేది ఇంకా తక్కువ. అవతలివాడు 1 హార్ట్ అనగానే "నువ్వు ఓడిపోతావ్" అని డబుల్ కొట్టేంత చెయ్యి ఎప్పుడో గానీ రాదు. కాబట్టి "నాకు హార్ట్స్ తక్కువ, మిగతా మూడు రంగులూ ఉన్నాయి, ఓపెన్ చేసేంత బలం ఉంది, నీ మంచి రంగు చెప్పు" అని పెట్టుకున్నారు. కొత్తవాళ్లు దెబ్బతినేది అడిగినప్పుడు కాదు, జవాబు చెప్పాల్సినప్పుడు. చేతిలో సున్నా పాయింట్లు చూసుకుని భయపడి పాస్ అంటారు, వాళ్లు 1 హార్ట్ డబుల్డ్ హాయిగా ఆడుకుని వెళ్తారు. ఏమీ లేకపోతేనే తప్పకుండా మాట్లాడాలి అక్కడ.

ట్రాన్స్‌ఫర్ అంటే 1 నోట్రంప్ మీద 2 డైమండ్స్ అంటే నాకు ఐదు హార్ట్స్, 2 హార్ట్స్ అంటే ఐదు స్పేడ్స్, పార్ట్‌నర్ ఆ రంగు చెప్పి తీరాలి. బలమైన చెయ్యి మూసి ఉంటుంది, మొదటి ముక్క దాని వైపుకి వస్తుంది, అదొక లాభం. నాకైతే అసలు లాభం రెండోసారి మాట్లాడే అవకాశం: చెత్త చెయ్యి అయితే పాస్, 8-9 పాయింట్లయితే 2 నోట్రంప్, 10 ఉంటే 3 నోట్రంప్ అని ఎంచుకోమంటాం. కానీ మధ్యలో అవతలివాళ్లు దూరితే ఏంటో ముందే మాట్లాడుకోండి. మాది సింపుల్: వాళ్లు డబుల్ అంటే మా ఒప్పందాలన్నీ అలాగే ఉంటాయి, రంగు చెప్తే ట్రాన్స్‌ఫర్లు బంద్. ఆన్‌లైన్లో తెలియని పార్ట్‌నర్‌తో ఇవేవీ మాట్లాడుకోకుండా కూర్చుంటే నేను 1 నోట్రంప్, అతను 2 హార్ట్స్, నేను 2 స్పేడ్స్, అతని దగ్గర ఆరు హార్ట్స్, చాట్‌లో నాకు తిట్లు, ఇది మామూలే అక్కడ.

ఇక బ్లాక్‌వుడ్. 4 నోట్రంప్ అంటే ఆసులెన్ని అని అడగడం, 5 క్లబ్స్ అంటే సున్నా లేదా నాలుగు, 5 డైమండ్స్ ఒకటి, అలా పైకి. ఎన్ని అని తెలుస్తుంది గానీ ఏవి అని తెలీదు. మీకు ఒక రంగు అసలే లేకపోతే పార్ట్‌నర్ చెప్పిన ఆసు ఆ రంగుదేమో, అప్పుడు దానివల్ల ఒరిగేది తక్కువ. ఎవరూ చెప్పని రంగులో రెండు చిన్న ముక్కలుంటే ఆసులు సరిపోయినా మొదటి రెండు పట్లూ అందులోనే పోవచ్చు. క్లబ్స్ తురుపైతే ఇంకా ఘోరం, ఒక్క ఆసు అని 5 డైమండ్స్ రాగానే 5 క్లబ్స్ దాటిపోయారు, రెండు ఆసులు లేకుండా 6కి ఎక్కాలి. ఏ జవాబు వస్తే ఎక్కడ ఆగుతానో తెలిసినప్పుడే అడగాలి, అది తెలియడానికి కొన్ని నెలల ఆట కావాలి.

ఇంకొకటి, 28లో కళ్లతో సైగ చేసుకున్నట్టు ఇవి రహస్యాలు కావు. మీ బిడ్‌కి అర్థమేంటో అవతలివాళ్లు అడగొచ్చు, పార్ట్‌నర్ చెప్పాలి. బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో అయితే మీ బిడ్‌కి మీరే అర్థం టైప్ చేస్తారు, అది ప్రత్యర్థులకి కనిపిస్తుంది, పార్ట్‌నర్‌కి కనపడదు. ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టిన రోజు నుంచే అది టైప్ చేయడం అలవాటు చేసుకోండి.