వాజుల కన్నా ముందు పుస్తకాలు కొనండి

ప్రశ్న: మేము బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. కార్ బూట్ సేల్స్‌లో, చారిటీ షాపుల్లో పాత బ్రిటిష్ గాజు సామాను కొనడం నాకు అలవాటు. ఇప్పుడు ఒక వ్యాపారి 14 ఫ్లవర్ వాజులు చూపించి, అన్నీ వైట్‌ఫ్రయర్స్ అనే బ్రిటిష్ గాజు కంపెనీ 1967లో చేసినవని, మొత్తం 3,000 పౌండ్లకు ఇస్తానంటున్నాడు. ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) ఫీజుల కోసం దాచిన డబ్బు తీసి కొందామా అని ఆలోచిస్తున్నాం. ఇలాంటివి గుర్తుపట్టడానికి మంచి పుస్తకాలు కొనాలంటే 150 పౌండ్ల దాకా అవుతాయి. పుస్తకాలు దండగ, వాజులైతే రేటు పెరుగుతుంది అంటారు మా వారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ వారి మాటను తిరగేయాలండీ. పుస్తకాలు కొనండి, ఆ లాట్ మాత్రం ఇప్పుడు వద్దు. ఐఎల్ఆర్ ఫీజు కట్టాల్సిన తేదీ మీ చేతిలో లేదు. ఆ తేదీకి వాజులు అమ్ముడుపోతాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆ డబ్బు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగల క్యాష్ ఐసాలో (వడ్డీపై పన్ను లేని పొదుపు ఖాతాలో) ఉండాలి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఇక పుస్తకాల సంగతి. బంగారం కొనేటప్పుడు మనం హాల్‌మార్క్ చూస్తాం. వైట్‌ఫ్రయర్స్ వాజుల్లో చాలావాటికి అలాంటి గుర్తే లేదు. అంటించిన కాగితం లేబుల్ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. మరి ఏది అసలో ఎలా తెలుస్తుంది? కంపెనీ పాత కేటలాగులతో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. మంచి రిఫరెన్స్ పుస్తకాల్లో ఆ కేటలాగ్ పేజీలు అచ్చు వేస్తారు. ఒక్కో ఆకారానికి నంబర్, ఎత్తు, ఏ ఏడు ఏ రంగులో వచ్చిందీ అందులో ఉంటాయి. ఉదాహరణకు, ఈ కంపెనీకి జెఫ్రీ బాక్స్టర్ డిజైన్ చేసిన గరుకు ఉపరితలం ఉన్న వాజులు 1967లో సినమన్, ఇండిగో, విల్లో రంగుల్లో వచ్చాయి. టాంజెరిన్ (నారింజ), కింగ్‌ఫిషర్ బ్లూ వచ్చింది 1969లో. మీకు చూపించిన 14లో నారింజ రంగుది ఒక్కటి ఉన్నా 'అన్నీ 1967వే' అన్న మాట అక్కడే వీగిపోతుంది. బాంజో, డ్రంకెన్ బ్రిక్‌లేయర్ అనే రెండు ఆకారాలకు గిరాకీ ఎక్కువ. అందుకే వాటికి నకిలీలూ తిరుగుతున్నాయి. టేపు పెట్టి ఎత్తు కొలవండి, పుస్తకంలోని కొలతతో సరిపోల్చండి. కేటలాగులో ఆ ఆకారానికి లేని రంగు కనిపిస్తే అక్కడితో ఆగిపోండి.

అచ్చులో నొక్కి చేసిన గాజు దగ్గర పని కొంచెం సులువు. గేట్స్‌హెడ్‌లోని సవర్బీ కంపెనీ నెమలి తల గుర్తు వేసేది. అదే ఊళ్లోని డేవిడ్‌సన్ గుర్తు కిరీటంలోంచి లేచే సింహం. 1842 నుంచి 1883 దాకా రిజిస్టర్ చేసిన డిజైన్లకు డైమండ్ ఆకారపు ముద్ర ఉండేది, గాజుకైతే దాని పైన రోమన్ అంకె మూడు. ఏడాదిని తెలిపే అక్షరం 1867 వరకు పై మూలలో, 1868 నుంచి కుడి మూలలో ఉంటుంది. పై మూలలో 'హెచ్' ఉంటే 1843, కుడి మూలలో ఉంటే 1869. అక్షరాలు వరసగా రావు కాబట్టి పుస్తకంలో పట్టిక చూడక తప్పదు. 1884 నుంచి ఆ ముద్ర బదులు 'ఆర్‌డి' (రిజిస్టర్డ్) నంబర్లు మొదలయ్యాయి. 2,00,000 అయితే 1892, 3,60,000 అయితే 1900. అయితే ఇది డిజైన్ రిజిస్టర్ చేసిన ఏడాది, వస్తువు చేసిన ఏడాది కాదు. ఒకే అచ్చును ఏళ్ల తరబడి వాడేవారు. డేవిడ్‌సన్ అయితే ఇతర కంపెనీల అచ్చులు కూడా కొని వాడింది. అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు, పాతదన్న పేరు మీదే రేటు పెంచుతారు.

పుస్తకాలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ధరలు అచ్చు వేసిన గైడ్లలో గుర్తింపు సమాచారం మాత్రమే వాడుకోండి, ధరలు వదిలేయండి. ఒకప్పుడు పెళ్లి కానుకగా గొప్పగా ఇచ్చిన కట్ క్రిస్టల్ ఈ రోజు వేలంలో చౌకగా పోతోంది. ఇప్పటి రేటు కావాలంటే వేలంలో నిజంగా పలికిన ధరలు చూడండి, అడుగుతున్న ధరలు కాదు. 19వ శతాబ్దపు గాజుకు చార్లెస్ హజ్డమాక్ రాసిన 'బ్రిటిష్ గ్లాస్ 1800-1914' (1991) మంచి ఆధారం. ముందు లైబ్రరీలో తెప్పించుకుని చూడండి, పనికొస్తుందనిపిస్తేనే కొనండి. మీకు దగ్గర్లోనే వర్డ్స్‌లీలో 2022లో తెరిచిన స్టౌర్‌బ్రిడ్జ్ గ్లాస్ మ్యూజియం ఉంది. పుస్తకంలో ఫొటో చూసి, అక్కడికి వెళ్లి అసలు గాజు చూస్తే కన్ను కుదురుతుంది.

రేటు పెరుగుతుందన్న ఆశకు లెక్క కట్టి చూద్దాం. వేలంలో 100 పౌండ్లు పలికిన వాజుకు కొనేవారి ప్రీమియం (వేలం సంస్థకు కట్టే రుసుము) 25 శాతం, దానిపై వ్యాట్ కలిపితే మీరు ఇచ్చేది 130 పౌండ్లు. మళ్లీ అదే 100కి అమ్మితే, అమ్మేవారి కమీషన్ 20 శాతం, దానిపై వ్యాట్ పోను చేతికొచ్చేది 76. అంటే రేటు తగ్గకపోయినా 54 పౌండ్లు పోయాయి. వేలం సంస్థను బట్టి శాతాలు మారతాయి గానీ ఖర్చు ఎప్పుడూ ఈ స్థాయిలోనే ఉంటుంది. అందుకే దీన్ని పొదుపులో కలపకండి. నెల ఖర్చులు, పొదుపు పోను మిగిలిన దాంట్లోంచి ఏడాదికి ఇంత అని అనుకుని కొనండి. ఆ ఇష్టం మీకు ఉంది, దాన్ని చంపుకోవాల్సిన పని లేదు. పుస్తకం చూసి ఆ 14లో రెండో మూడో అసలువని తేలితే, అవి మాత్రం విడిగా బేరమాడండి. లాట్ మొత్తం తీసుకుంటేనే ఇస్తానంటే వదిలేయండి.

అమ్మకాలు మొదలుపెడితే పన్ను సంగతి గుర్తుంచుకోండి. లాభానికి తిరిగి అమ్మడం కోసమే కొంటుంటే అది వ్యాపారం కిందికి వస్తుంది. అలాంటి అమ్మకాల మొత్తం ఏడాదికి 1,000 పౌండ్లు దాటితే హెచ్ఎంఆర్‌సీకి (బ్రిటన్ పన్ను శాఖకు) తెలపాలి. లాభం కాదు, అమ్మకాల మొత్తం. ఇంట్లో పెట్టుకున్న సొంత వస్తువును 6,000 పౌండ్లు, అంతకు తక్కువకు అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి అమ్మగా వచ్చిన లాభంపై పన్ను) ఉండదు. ఒక సెట్టును విడివిడిగా అదే మనిషికి అమ్మితే మాత్రం అన్నీ కలిపి ఒక్కటిగా లెక్కిస్తారు. ప్రతి వస్తువుకూ కొన్న తేదీ, ఇచ్చిన ధర, రసీదు ఫొటో, పుస్తకంలో ఏ పేజీ చూసి గుర్తించారో ఒక నోట్‌బుక్‌లో ఈ వారం నుంచే రాసిపెట్టండి. ఇంటి ఇన్సూరెన్స్‌కూ అదే పనికొస్తుంది.