రాళ్లు ఎత్తడానికా ఇంత చదివించింది?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖలోనే పెట్రోలియం ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఏటవాలు బావుల్లోంచి, అడ్డంగా తవ్విన బావుల్లోంచి రాతి ముక్కలు బయటికి తెచ్చే విషయం మీద ప్రాజెక్టు చేస్తాడట. రాళ్లు ఎత్తడానికా ఇంత చదివించింది? చమురుకి ఇక రోజుల్లేవు, ఆరు నెలల ఏఐ కోర్సులో చేర్పించండి అని అందరూ అంటున్నారు. రెండింటిలో ఏది మేలు? నేను ల్యాబ్ టెక్నీషియన్ని.
- ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, రక్తకణాలు గొట్టంలో ఎంత త్వరగా దిగుతాయో చూసే ఈఎస్ఆర్ పరీక్ష పెట్టేటప్పుడు ట్యూబ్ కాస్త వాలినా రీడింగ్ తప్పొస్తుందని మీకు తెలుసు. వాలిన గొట్టంలో రక్తకణాలు త్వరగా దిగిపోతాయి. బాయ్‌కాట్ అనే డాక్టరు 1920లోనే ఈ సంగతి రాశారు. మీ అబ్బాయి పట్టుకున్న సమస్యకి మూలం అక్కడే ఉంది.

నిటారు బావిలో బిట్ (రాయిని తొలిచే మొన) కొట్టిన ముక్క అడుక్కి చేరాలంటే చాలా దూరం పడాలి. ఈలోగా పంపు తోసే మడ్, అంటే బావిలో తిప్పే చిక్కటి ద్రవం, దాన్ని పైకి లాక్కొస్తుంది. అడ్డం బావిలో అయితే కొన్ని అంగుళాలు పడితే చాలు, అడుగున మేట వేసేస్తుంది. డ్రిల్ పైపు కూడా ఆ అడుగునే ఆనుకుని ఉంటుంది. మడ్ పైనున్న ఖాళీలోంచి హాయిగా పోతుంది, మేట మాత్రం కదలదు. 45 నుంచి 60 డిగ్రీల వాలు మరీ మొండిది. పంపు ఆపితే మేట జారి పైపుని బిగించేస్తుంది. పంపు వేగం ఇష్టమొచ్చినట్టు పెంచితే ఆ ఒత్తిడికి రాయి చీలి మడ్ అందులోకి పోవచ్చు. అందుకే పైపుని గట్టిగా తిప్పుతూ మేటని రేపి, మడ్ వేగంగా పారే చోటికి ఎగదోస్తారు. మడ్ ఎంత చిక్కగా ఉండాలో లెక్క కడతారు. పైకొచ్చిన మడ్‌లోంచి ముక్కల్ని వేరుచేసే జల్లెడ, షేల్ షేకర్ మీద ఎన్ని ముక్కలు పడుతున్నాయో, ఏ సైజువో కళ్లారా చూస్తారు. రాళ్లు ఎత్తడమంటే ఇదమ్మా. పైపు ఇరుక్కుంటే రోజుల తరబడి రిగ్ (బావి తవ్వే యంత్రాంగం) అద్దె దండగే.

ఇక ఏఐ కోర్సు. ఆ విద్య మీద నాకు గౌరవం ఉంది, ఆరు నెలల హామీల మీద లేదు. అప్పు చేసి అలాంటి సర్టిఫికెట్లు తెచ్చుకుని, ఇంటర్వ్యూలో తమ ప్రాజెక్టు ఏమిటో చెప్పలేక నా ముందు కన్నీళ్లు పెట్టుకున్న పిల్లల్ని చూశాను. పైపు ఇరుక్కునే ముందే కనిపెట్టే ప్రోగ్రాములు రిగ్గుల మీదకీ వస్తున్నాయి. కానీ టార్క్, అంటే పైపుని తిప్పడానికి పట్టే బలం, పెరిగితే అది మేట వల్లా, బిట్ అరిగిపోవడం వల్లా అని తేల్చేవాడు లేకపోతే ఆ ప్రోగ్రాము ఎందుకు? మీవాడు ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష నేర్చుకోవాలి, ఈ ప్రాజెక్టు కోసమే నేర్చుకోవాలి.

ఒక మాట గట్టిగానే అంటాను, తప్పుగా అనుకోకండి. పిల్లవాడు తనంతట తాను ఒక కష్టమైన సమస్య ఎంచుకుంటే, అదేమిటని మీరు వాణ్ని ఒక్కసారైనా అడిగారా? అందరి మాటలూ రాశారు. వాడి మాట ఒక్కటీ లేదు.

మీ అసలు భయం వాడు సముద్రం మీద రిగ్గులో ఉంటాడనీ, ఉద్యోగం ఊడుతుందనీ అయ్యుంటుంది. రెండోది అబద్ధం కాదు. 2014 తర్వాత ధరలు పడినప్పుడూ, 2020లోనూ చాలామంది ఇంటికొచ్చారు. అయినా కాకినాడ తీరానికి అవతల లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో కొత్త బ్లాకు నుంచి చమురు తీయడం మొదలుపెట్టింది. భూమి లోపలి వేడితో కరెంటు తీయాలన్నా బావి తవ్వాల్సిందే. వాడు నేర్చుకునేది ఒక్క చమురుకే పనికొచ్చేది కాదు. మెకానికల్ వాళ్లతో పోటీ ఉంటుంది కాబట్టి గేట్ పెట్రోలియం పేపర్ ఇప్పుడే మొదలుపెట్టమనండి. రిగ్ మీద పన్నెండు గంటల షిఫ్టు మామూలే, కానీ చాలాచోట్ల రెండు వారాలో నాలుగు వారాలో పని చేశాక అన్నాళ్లూ ఇంట్లోనే ఉంటాడు.

ఈలోగా వాణ్ని కళ్ల డాక్టరుకి చూపించండి. ఫీల్డ్ ఉద్యోగాల మెడికల్లో రంగులు గుర్తించే పరీక్ష ఉంటుంది. ఆ సంగతి నాలుగో సంవత్సరంలో కాకుండా ఇప్పుడే తెలియాలి.